కాకి ముట్టని నెలలు

మా మామ్మ ఆ మాట నోటికి రానిచ్చేది కాదు.
"మీ అమ్మని కాకి ముట్టుకుంది, దగ్గరికెళ్ళకు" అనేది.
నేను పెరట్లోకి పరిగెత్తి
కొబ్బరిచెట్టు మీద వెతికేదాన్ని,
వాటిల్లో ఏ కాకి అని.

గ్రిమ్స్‌బీలో కాకులు తక్కువ.
ఎటు చూసినా సీగల్సే.
చేపల గోడౌన్ల మీద కూచుని
అప్పులవాళ్ళలా కేకలేస్తుంటాయి.

తొమ్మిదేళ్ళు మింగాను.
ఇరవై ఒక్క రోజులు మాత్ర, వారం రోజులు సెలవు.
ఆ సెలవులో మంగళవారం, భోజనం వేళకి,
ఇక్కడి రైళ్ళు సిగ్గుపడేంత కచ్చితంగా
వచ్చేది.
అది అసలు నెలసరే కాదట.
మాత్ర ఆపితే కనిపించే ఎరుపట, అంతే.
నర్సు కాగితం మీద గీసి మరీ చెప్పింది.
అద్దెకున్న మనిషిని
తొమ్మిదేళ్ళూ చుట్టమనుకున్నానన్నమాట.

మే ఆఖరులో మానేశాను.
జూన్ పోయింది.
జూలైలో నడుం లాగితే సంబరపడ్డాను,
అట్టపెట్టెలు మోసిన నొప్పి అది.
ఆగస్టులో వంశీధర్ క్యాలెండర్ కేసి చూడటం మానేశాడు,
నేను చూస్తున్నప్పుడు.

మా భాషలో నెల తప్పిందంటే ఒకటే అర్థం.
వదిన ఫోన్లో గొంతు తగ్గించి
"విశేషమా?" అంది.
నాలుగు పుల్లలు, నాలుగు ఒంటిగీతలు.
విశేషం లేదు వదినా,
నెలే ఎక్కడో దారి తప్పింది.
ఆ అర్థానికి మనవాళ్ళు మాట కట్టలేదు.

నేను పనిచేసేదీ మందుల షాపులోనే.
రోజుకి పదిమందికి అవే అట్టలు
సంచిలో వేసి, నవ్వి, ఇస్తాను.
పోయింది తిరిగిరావడానికి ఎన్నాళ్ళు పడుతుందో
లోపలి కాగితంలో ఉంటుంది,
చీమతలల అక్షరాల్లో, ఎన్నో మడతలోనో.
నేనూ విప్పలేదు అప్పట్లో.

పదమూడేళ్ళప్పుడు
వసారా మూల చాప, విడిగా కంచం.
పరీక్షలప్పుడు రావద్దని,
చిన్నాన్న పెళ్ళిలో రావద్దని,
కొండకెళ్ళే ముందు రావద్దని మొక్కేదాన్ని.
మొక్కు చాలదని అమ్మ వాయిదా మాత్ర ఇచ్చేది.
అన్ని అర్జీలూ ఒక్కసారే
ఇప్పుడు మంజూరయ్యాయేమో.
ఆఫీసులు అంతే.

మోరీన్ కౌంటర్లో నా పక్కన నిలబడుతుంది.
"నాది యాభైలో ఆగిపోయింది" అంది, వెనక సందులో, సిగరెట్ ఆర్పుతూ.
"చివరిది వచ్చినప్పుడు చివరిదని తెలీదు కదా.
తెలిస్తే ఒక కేకైనా కొనేదాన్ని."
నేను తనకి మామ్మ కాకి సంగతి చెప్పాను.
దగ్గొచ్చేదాకా నవ్వింది.
అంతలో ఓ సీగల్ దూసుకొచ్చి
నా చేతిలో చిప్స్ పొట్లం తన్నుకుపోయింది,
రెక్క భుజానికి గట్టిగా తగిలింది.
"ఇదిగో, ముట్టింది!" అని అరిచింది మోరీన్.
ఇద్దరం చాలాసేపు నవ్వాం.
ఇంటికెళ్ళి చూసుకున్నాను కూడా.
చెప్పుకోవడానికి సిగ్గే, కానీ చూసుకున్నాను.

బ్యాగు లోపలి జేబులో ప్యాడ్ ఉంది,
బస్సు టికెట్ల మధ్య అంచులు నలిగి.
దాన్ని తీసేసి
కొత్తది పెట్టాను.

గురువారం రక్తపరీక్ష.
నర్సు మోచేతి మీద రెండు వేళ్ళతో తట్టింది,
తలుపు తట్టినట్టు.
సూది గుచ్చగానే వచ్చేసింది
చిక్కగా, మొహమాటం లేకుండా,
గొట్టం నిండా.
"ఇంట్లోనే ఉన్నావుగా,
మరి పలకవేం?" అన్నాను.
తెలుగులో అన్నాను కాబట్టి
నర్సు, నొప్పి పుట్టిందేమోననుకుని,
సారీ చెప్పింది.